పడవ అవతలి ఒడ్డునే ఉంది

రెండేళ్ళుగా ఒక నవల రాస్తున్నా. తెలుగులోనే. నక్షత్రాల మధ్య తిరిగే ఓడలు, ఏలియన్లు, మూడు వందల ఏళ్ళ కథ, అన్నీ ఉన్నాయి. ఈ ముక్క ఎవరికన్నా చెప్తే పాపం ఈమెకి ఏమయిందో అన్నట్టు చూస్తారు, లేకపోతే ఏదన్నా టీవీ సీరియల్‌కి అమ్మెయ్యకూడదా అంటారు. మా ఆయన మొదటి నెలలోనే తేల్చేశాడు, రాసుకో గానీ రాత్రి పదకొండుకి లైటు ఆర్పెయ్ అని. నాకున్న ఒకే ఒక్క పాఠకుడు మా తమ్ముడు, డల్లాస్‌లో ఉంటాడు, చాప్టర్ అయిపోగానే వాట్సాప్‌లో పంపిస్తా, వాడు ఆఫీసుకి పోయే దారిలో ఫోన్ చేత చదివించుకుని వింటాడు. ఆ ఫోన్ గొంతు తెలుగు చదివే తీరు వింటే నా రాక్షసులు కూడా పారిపోతారు, అది వేరే కథ.

మొన్న పన్నెండో చాప్టర్ పంపాక ఫోన్ చేశాడు.

"అక్కా, ఒకటి అడుగుతా ఏమనుకోవద్దు. విలన్ ఏడి? పన్నెండు చాప్టర్లయినాయి, ఒక్క యుద్ధం లేదు. జనం గేటు కాడ క్యూలో నిలబడే ఉండారు."

"అదేరా కథ."

"క్యూ కథేందక్కా?"

ఈ పోస్టు వాడికి సమాధానం. ఫోన్‌లో చెప్పబోతే మధ్యలో వాడికి మీటింగ్ వచ్చింది, అందుకని ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగే అవుద్ది.

ముందు నా నవల సంగతి. నక్షత్రాల మధ్య దూరం ఎంతో అందరం చిన్నప్పుడు చదివే ఉంటాం గానీ ఎవరికీ ఒంటికి పట్టదు. సూర్యుడి తర్వాత మనకి దగ్గర నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు. 1977లో వదిలిన వాయేజర్ 1 ఇప్పుడు సెకనుకి సుమారు 17 కిలోమీటర్లు పోతా ఉంది, అంటే నెల్లూరు నుంచి ఒంగోలుకి ఎనిమిది సెకన్లు కూడా పట్టదు, ఆ వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవాలంటే 70 వేల ఏళ్ళు దాటుద్ది. కాంతి కన్నా వేగంగా పోవడం ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం కుదరదు. కాబట్టి ఈ రకం కథ రాసేవాడు ఎవడైనా సరే ఒక పెద్ద అబద్ధం ఆడక తప్పదు, దారి గురించి. మిగతా అంతా నిజంలాగే రాయొచ్చు, దారి ఒక్కటే అబద్ధం. నేను ఎంచుకున్న అబద్ధం వార్మ్‌హోల్, అంటే అంత దూరాన్నీ అడ్డదారిన దాటించే సొరంగం. ఇది పూర్తిగా గాల్లోంచి తీసింది కూడా కాదు, 1988లో మోరిస్, థోర్న్ అని ఇద్దరు ఫిజిక్స్ వాళ్ళు లెక్కలు కట్టి అలాంటి సొరంగం మూసుకుపోకుండా మనిషి దాటేలా ఉండాలంటే రుణ శక్తి, అంటే నెగటివ్ ఎనర్జీ, ఉన్న పదార్థం కావాలని పేపర్ రాశారు. ఆ పదార్థం చేతికి దొరకాలి, అంతే తక్కువ.

నా కథలో ఆ పదార్థం ఒక జాతికి దొరికింది. అయితే సొరంగానికి రెండు మూతులు ఉంటాయి గదా, ఒకటి ఇక్కడ ఉంటే రెండోది అక్కడికి ఎవరో మోసుకుపోవాలి, మామూలు ఓడలో, మామూలు వేగంతో, చీకట్లో, వేల ఏళ్ళు. మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆ జాతి వాళ్ళు ఒక్కొక్కరు పది వేల ఏళ్ళు బతుకుతారు, అందుకని వాళ్ళే మోశారు. మోసి, ప్రతి మూతి దగ్గరా, అదే నా కథలో గేటు, ఒకరు కూర్చున్నారు. అందుకని నా నవల్లో వాళ్ళని కావలి వాళ్ళు అంటారు. మా తమ్ముడు దానికీ నవ్వాడు, "కావలి వాళ్ళంటే మన కావలి అనుకుంటారు గదక్కా, ట్రంకు రోడ్డు, కావలి స్టేషనూ" అని. అనుకోనీరా. కావలి దగ్గర ముసునూరులో టోల్‌ప్లాజా కూడా ఉంది, పేరు బాగానే అతికింది.

నేను రాసే ఈ రకం కథల్ని స్పేస్ ఒపేరా అంటారు, ఆ మాట పుట్టిందే తిట్టు కింద. 1941లో విల్సన్ టక్కర్ అనే ఆయన, అరిగిపోయిన రాకెట్ కథల్ని వెక్కిరించడానికి సోప్ ఒపేరా లాగా స్పేస్ ఒపేరా అన్నాడు. ఆ తిట్టే తర్వాత బోర్డు మీద పేరయింది. మనోళ్ళు ఈ కథల్లో చూసేది కత్తులు, చక్రవర్తులు, పేలే గ్రహాలు. నాకు మాత్రం ఎప్పుడూ కనపడేది రేవు. ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన డ్యూన్ 1965లో వచ్చింది, చదివినోళ్ళంతా ఎడారి గురించి, పురుగుల గురించి చెప్తారు, సరే, కానీ అందులో ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి మనుషుల్నీ సైన్యాన్నీ దాటించగలిగేది గిల్డ్ అనే ఓడల సంఘం వాళ్ళు ఒక్కరే. చక్రవర్తి అయినా వాళ్ళ ఓడ ఎక్కాల్సిందే, వాళ్ళకి డబ్బు కట్టాల్సిందే. ఆ గిల్డ్‌కేమో దారి చూసుకోవాలంటే ఆ ఎడారిలో దొరికే మసాలా కావాలి. సింహాసనం మీద ఎవడు కూర్చున్నా ఓడ కదలకపోతే అది ఉత్త కుర్చీ. నాకు ఆ పుస్తకంలో నచ్చింది అది, పురుగులు కాదు.

ఈ యావ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మా తాత ఊరికి పోవాలి. ఉలవపాడు నుంచి తూర్పుకి, కరేడు అవతల, బకింగ్‌హామ్ కాలువకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. ఇప్పుడు వంతెన ఉంది, కారు నేరుగా ఇంటి ముందుకు పోద్ది. మా తాత కుర్రతనంలో వంతెన లేదు, పడవ. ఒకటే పడవ, ఒకటే మనిషి. ఆసుపత్రికి పోవాలన్నా సంతకి పోవాలన్నా కందుకూరు సినిమాకి పోవాలన్నా కాలువ గట్టు మీద నిలబడి ఓ పడవోయ్ అని అరవాలి. అవతలి ఒడ్డున ఉంటే వస్తాడు, భోజనం చేస్తా ఉంటే చేసి వస్తాడు, నిద్రపోతా ఉంటే నీ అదృష్టం. మా అమ్మ చెప్తా ఉండేది, పడవ ఎప్పుడు చూసినా అవతలి ఒడ్డునే ఉండేదని, నువ్వు ఏ ఒడ్డున ఉన్నా సరే.

ఆయనకి మనిషికింత అని డబ్బులు ఇచ్చేవాళ్ళు కాదు. ఏడాదికి ఒకసారి కళ్ళం అయినాక మేర, ఇంటికి ఇన్ని కుంచాల గింజలు అని. చాకలికి, మంగలికి, కుమ్మరికి ఎట్లా ఇస్తారో అట్లాగే. ఒక ఏడు తుఫాను వచ్చి పైరంతా పడుకుంది. మా తాత వాళ్ళ నాయన సగం మేర కొలిచి, మిగతాది వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడంట. పడవాయన ఏం మాట్లాడలా. గింజలు మూట కట్టుకుని పోయాడు.

మూడు నెలలకి మా తాత చెల్లెలి పెళ్ళి. మగపెళ్ళివారు కందుకూరు వైపు నుంచి ఎడ్లబండ్లలో పడమటి గట్టుకి వచ్చేశారు, తెల్లారి ముహూర్తం. ఇక్కడ తూర్పు గట్టున తుమ్మచెట్టుకి పడవ కట్టేసి ఉంది, పక్కన ఈయన చుట్ట కాల్చుకుంటా కూర్చున్నాడు. ఏందయ్యా అంటే పడవకి నీళ్ళు కారతన్నాయి, తారు పుయ్యాలి, ఆరాలి అన్నాడు. ఎంతసేపు ఆరాలి అంటే ఏమో తారుకి తెలియాలి అన్నాడు. అవతల పెళ్ళికొడుకు బాసికం చేత్తో పట్టుకుని బండి మీద కూర్చోనుండాడు, మేళం వాళ్ళు వాయించి వాయించి ఆపేశారు, ఎవరో కుర్రోడు ఈదుదామని దిగితే మోకాలు దాకా బురద దిగబడి చెప్పులు రెండూ పోయాయి. ఆఖరికి మా తాత నాయన లోపలికి పోయి, బాకీ ఉన్న గింజలు గోతాంలో పోసి, తనే నెత్తిన పెట్టుకుని గట్టు మీదకి తెచ్చి దించాడంట. ఈయన గోతాం మూతి విప్పి చూడను కూడా చూడలా. లేచి, చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, గడ తీసుకుని పడవ నీళ్ళలోకి తోశాడు. తారు ఆరిపోయింది.

ఈ కథ మా ఇంట్లో వందసార్లు చెప్పుకుని ఉంటారు, చెప్పినప్పుడల్లా నవ్వుతారు. నేను చిన్నప్పుడు తాతని అడిగా, ఆయన మీద కోపం రాలేదా మీకు, పెళ్ళి ఆపేస్తే అని. తాత అన్న మాట ఇంకా నాకు గుర్తుంది: "వాడు అడిగింది వాడి గింజలే గదమ్మా, మన గింజలు కాదు గదా."

మా తమ్ముడికి ఇదే చెప్తా ఉండా. కావలి వాళ్ళు విలన్లు ఎట్లా అవుతారు? పది వేల ఏళ్ళ ఆయుష్షు చీకట్లో పోసి ఆ సొరంగం మూతిని అవతలికి చేర్చింది వాళ్ళు. సుంకం అడుగుతున్నారు. అడగరా మరి? మనం పుట్టక ముందే నడిచినోళ్ళు వాళ్ళు. దారికి డబ్బులు అడిగిన ప్రతివాడినీ రాక్షసుడిగా చూపించి ఆఖరి చాప్టర్లో వాడి కోట పేల్చేసి జనం చేత చప్పట్లు కొట్టించే కథలు నాకు నచ్చవు, ఆ కథల్లో పేల్చేసిన మర్నాడు పడవ ఎవడు నడిపాడో రాయరు.

అట్లాగని కాపలా వాళ్ళంతా మంచోళ్ళు అనడం లేదు. ఇక్కడే నాకూ చాలా మంది రచయితలకీ పడనిది. దారికి సుంకం తీసుకోవడం వేరు, పడవ చెయ్యడం నేర్చుకోవద్దు అనడం వేరు. మొదటిది వ్యాపారం. రెండోది ఏమిటో మా మేడ మీద నిలబడి నా కళ్ళతో చూశాను నేను.

మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోటని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ అదేం మాకు పట్టదు, రాకెట్ మా రాకెట్టే, దక్షిణం వైపు మేడల మీద జనం ఎక్కితే ఆ రోజు లాంచ్ ఉన్నట్టు. 2013 ఆగస్టు 19, సోమవారం, జీఎస్ఎల్‌వీ సాయంత్రం ఎగరాలి, ఆఫీసులో ఏదో వంక చెప్పి వచ్చేసి పిలకాయల్ని తీసుకుని మేడెక్కా. ఎంత చూసినా ఏం లేదు. కింద నుంచి మా అత్తగారు కేక, అమ్మాయ్ దిగిరా, ఆపేశారంట టీవీలో చెప్తా ఉండారు అని. 74 నిమిషాల ముందు ఇంధనం లీకవుతోందని ఆపేశారు. పక్క మేడ మీద ఒకాయన మాత్రం అరగంట తర్వాత కూడా అట్లాగే చూస్తా నిలబడ్డాడు, ఎవరూ చెప్పలేదేమో.

ఆ రాకెట్ పై అంచెలో ఉండేది క్రయోజెనిక్ ఇంజిన్. హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్‌ని మైనస్ 183 దగ్గర ద్రవంగా ఉంచి మండించాలి, బరువైన ఉపగ్రహాన్ని పైకి తీసుకుపోవాలంటే అది కావాలి. 1991లో మనోళ్ళు అప్పటి సోవియట్ రష్యా వాళ్ళ అంతరిక్ష సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకున్నారు, ఇంజిన్లూ ఇవ్వాలి, చేసే విద్యా ఇవ్వాలి. అమెరికా ఒప్పుకోలా. క్షిపణి టెక్నాలజీ ఎవరికీ పోకుండా చూసే ఒప్పందం ఒకటుంది, ఎంటీసీఆర్ అంటారు, 1987లో ఏడు ధనిక దేశాలు కలిసి పెట్టుకున్నది, దాని పేరు చెప్పి 1992లో ఇస్రో మీదా గ్లావ్‌కాస్మోస్ మీదా ఆంక్షలు వేసింది. 1993లో రష్యా వెనక్కి తగ్గింది. ఆఖరికి కుదిరింది ఏందంటే ఏడు ఇంజిన్లు ఇస్తాం, ఎట్లా చెయ్యాలో మాత్రం చెప్పం. అంటే ఏడు సార్లు దాటిస్తాం, ఈత నేర్పం.

నేను నవలకి నోట్స్ రాసుకునే పుస్తకంలో మొదటి పేజీలో ఆ ఏడు అంకె ఒక్కటే రాసుంటది. నా కథలో మనుషులకి కావలి వాళ్ళు ఇచ్చే ఓడలు కూడా అంతే, లెక్కపెట్టి ఇస్తారు, మూత తెరిస్తే పనిచెయ్యడం మానేస్తాయి.

తర్వాత కథ అందరికీ తెలిసిందే. 2001 ఏప్రిల్‌లో రష్యా ఇంజిన్‌తో మొదటి జీఎస్ఎల్‌వీ ఎగిరింది. 2010 ఏప్రిల్ 15న మన సొంత ఇంజిన్ పెట్టి వదిలితే అది పనిచెయ్యలా, రాకెట్ సముద్రంలో పడింది. 2013లో లీకు. 2014 జనవరి 5, ఆదివారం, సాయంత్రం 4 గంటల 18 నిమిషాలు. ఈసారి మేడ మీద జనం తక్కువ, ఆగస్టులో ఆశపడి దిగిపోయినోళ్ళు మళ్ళీ ఎక్కలేదు. కొబ్బరాకుల సందులోంచి ముందు ఒక మెరుపు, తర్వాత తెల్లటి గీత, ఎవరో సుద్దముక్కతో మెల్లిగా గీసినట్టు తూర్పుకి వంగుతా పోయింది. పిలకాయలు అరిచారు. నేను మాత్రం గీత చెరిగిపోకముందే మెట్లు దిగి టీవీ దగ్గరికి పరిగెత్తా, ఎందుకంటే మేడ మీద కంటికి కనపడేదంతా పాత సంగతే, క్రయోజెనిక్ అంటుకునేది అయిదు నిమిషాల పైన, మనకి కనపడనంత దూరం పోయాక. అప్పటి నుంచి ఇంకో పన్నెండు నిమిషాలు అది మండాలి. ఆ పన్నెండు నిమిషాలు మా అత్తగారు చిక్కుడుకాయలు ఈనె తీస్తా, నేను ఆవిడ పక్కన కూర్చుని తీసిన ఈనెల్నే మళ్ళీ తుంచుతా ఉన్నాం. ఉపగ్రహం విడిపోయింది అని చెప్పగానే ఆ కంట్రోల్ రూమ్‌లో ముసలాయనలు ఒకరినొకరు కౌగిలించుకుంటా ఉంటే ఆవిడ అడిగింది, ఎంత కాలం పట్టిందే ఇది అని. ఇరవై ఏళ్ళు దాటిందత్తా అన్నా. ఆవిడ చిక్కుళ్ళ చాట పక్కన పెట్టి కాసేపు టీవీ చూసింది.

సరే, ఇంతవరకు చెప్తే మా తమ్ముడు కూడా ఒప్పుకుంటాడు, చూశావా నువ్వే చెప్పావు, అదే గదా విలన్ అంటే, నేర్పనోడు, అదే రాయి అంటాడు. రాయొచ్చు. బాగా అమ్ముడుపోద్ది కూడా. కానీ అక్కడితో ఆపితే అది సగం నిజం, సగం నిజం చెప్పడానికి నాకు రెండేళ్ళు అక్కర్లేదు.

మిగతా సగం ఇది. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ ఒకేసారి 104 ఉపగ్రహాలు మోసుకుపోయింది. అందులో మనవి మూడు. వేరే దేశాలవి 101, వాటిల్లో 96 అమెరికావే. ఇంజిన్ విద్య మనకి అందనివ్వని దేశం మన పడవ ఎక్కి, కిరాయి కట్టి దాటింది. ఇది విని మా తమ్ముడు ఛాతీ విరుచుకుంటాడు, విరుచుకోనీ. దానికి ఎనిమిది నెలల ముందు జరిగింది మాత్రం ఎవరూ గుర్తు పెట్టుకోరు. 2016 జూన్ 27న మన దేశం ఎంటీసీఆర్‌లో చేరింది. అవును, అదే ఎంటీసీఆర్. ఏ కాయితం చూపించి మనకి ఇంజిన్ ఇవ్వనివ్వలేదో ఆ కాయితం మీద 35వ సభ్యుడిగా సంతకం పెట్టి లోపలికి పోయి కూర్చున్నాం. తప్పనడం లేదు, లోపల ఉంటే ఉండే లాభాలు ఉన్నాయి, నేను దౌత్యం తెలిసినదాన్ని కాదు. కానీ కథ రాసేదాన్ని. కథ రాసేవాళ్ళకి అంతకన్నా పెద్ద సీన్ ఏం దొరుకుద్ది? గేటు బయట ఇరవై ఏళ్ళు నిలబడినోడు లోపలికి పోయాడు. ఇప్పుడు గేటు బయట ఇంకెవరో ఉండే ఉంటారు గదా. వాళ్ళ ముఖం ఎట్లా ఉంటది? వాళ్ళు మనల్ని ఏమని పిలుస్తారు?

నా నవల్లో సగం దాటాక మనుషులు గేట్ల పని నేర్చేసుకుంటారు. ఎట్లాగంటే అది ఒక టోల్‌ప్లాజా పుణ్యం, పేరెందుకులే. పోయినేడు ఒంగోలు పెళ్ళికి పోతా ఉంటే నా ఫాస్టాగ్ పనిచెయ్యడం లేదని ఆపేశారు, బ్యాలెన్స్ ఉంది, ఫోన్‌లో చూపించా, అయినా సరే డబుల్ కట్టమన్నారు. వెనక హారన్లు. నేను అరిచా, బాగానే అరిచా. బూత్‌లో కుర్రాడు పాతికేళ్ళు కూడా ఉండవు, కళ్ళు ఎర్రగా, పొదిలి పక్క ఊరంట, రాత్రి డ్యూటీ అయిపోయినా రిలీవర్ రాలేదంట. "మేడం, నా చేతుల్లో ఏం లేదు. మిషన్ ఒప్పుకుంటేనే కర్ర లేస్తది. నేను లేపితే నా జీతంలో కోస్తారు" అన్నాడు. డబ్బులు కట్టేసి పోయా గానీ ఆ రాత్రి పెళ్ళి భోజనంలో కూడా ఆ మాటే తిరిగింది. గేటు దగ్గర కూర్చున్నోడు గేటు ఓనర్ కాదు. అయినా ఆ కర్ర ఎట్లా లేస్తదో, ఎప్పుడు మొరాయిస్తదో, ఏ వైరు కదిలిస్తే మిషన్ ఒప్పుకుంటదో వాడికి తెలిసినంత ఓనర్‌కి తెలియదు.

అప్పుడు మొత్తం చింపేసి మళ్ళీ రాశా. కావలి వాళ్ళు పది వేల ఏళ్ళు బతుకుతారు, వాళ్ళకి ఒక నిద్ర మన నలభై ఏళ్ళు. వాళ్ళు నిద్రపోయినప్పుడు గేటు తుడవడానికి, క్యూ చూడటానికి, లెక్క రాయడానికి కాంట్రాక్టు మీద మనుషుల్ని పెట్టుకున్నారు. ఒక కావలివాడు కునుకు తీసి లేచేసరికి ఇక్కడ రెండు తరాలు గడిచి, తాత నుంచి మనవరాలికి వైర్ల సంగతి మొత్తం వచ్చేసింది. యుద్ధం ఎందుకురా ఇంక? ఒక రోజు మనుషులు పని ఆపేస్తారు, గేట్లన్నీ మూగబోతాయి, కావలి వాళ్ళు వచ్చి కూర్చుని మాట్లాడతారు, సగం సగం. అక్కడి నుంచి నక్షత్రాల రేవు మనదీ వాళ్ళదీ. ఇది తొమ్మిదో చాప్టర్, మా తమ్ముడికి భలే నచ్చింది, ఫోన్‌లో ఈల వేశాడు.

పదో చాప్టర్ నుంచి వాడికి మంట. ఎందుకంటే అందులో మూడో జాతి వస్తది. చిన్నోళ్ళు, ఆయుష్షు పదిహేనేళ్ళు, గ్రహం చల్లారిపోతా ఉంది, దాటించండి అని క్యూలో నిలబడతారు. దాటిస్తాం అంటారు మనోళ్ళు. సుంకం కట్టించుకుంటారు. గేటు పని నేర్పమంటే మాత్రం, మీ ఆయుష్షుకి అది రాదులే అంటారు. క్యూలోనే పిల్లల్ని కని, క్యూలోనే చచ్చిపోతా ఉంటారు వాళ్ళు. రెండు చాప్టర్ల నిండా ఆ క్యూ. తొమ్మిదో చాప్టర్లో వైర్లు కదిలించిన మనవరాలు ఇప్పుడు ముసలిదయింది, ఆమే ఆ మాట అనేది.

"మనుషుల్ని అంత చెడ్డగా చూపిస్తావేందక్కా?" అన్నాడు.

చెడ్డగా ఎక్కడ చూపించా? ఆమెకి మనవళ్ళున్నారు, జీతం ఉంది, గేటు జాస్తి మందికి తెలిస్తే తన సగం పావు అవుద్దని భయం ఉంది. 1976లో భూమధ్యరేఖ మీద ఉన్న ఎనిమిది దేశాలు, కొలంబియా, కెన్యా, ఇండోనేషియా, అట్లాంటివి, బొగోటాలో కూర్చుని ఒక ప్రకటన చేశాయి, మా నెత్తిన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు పెట్టే కక్ష్య ఉంది గదా, ఆ ముక్క మాదే, పెట్టాలంటే మమ్మల్ని అడగాలి అని. అంతరిక్షం ఏ దేశం సొత్తూ కాదని 1967 నుంచే ఒప్పందం ఉంది, కాబట్టి ఎవరూ ఒప్పుకోలా, ఆ ప్రకటన అట్లాగే మిగిలిపోయింది. నేను మొదటిసారి చదివినప్పుడు నవ్వా. తర్వాత నవ్వు ఆగింది. రాకెట్ లేదు, ఉపగ్రహం లేదు, నెత్తి మీద ఆకాశం ఒక్కటుంది, దానికన్నా మేర అడుగుదాం అనుకున్నారు పాపం. ఉన్నోడూ గేటు పెడతాడు, లేనోడూ గేటు పెట్టాలనే చూస్తాడు.

ఇందులో మన తీరం మాత్రం ఏం తక్కువ తిన్లేదు. మోటుపల్లి ఉంది చూడండి, చినగంజాం దగ్గర, ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు గానీ మొన్నటిదాకా ప్రకాశమే. కాకతీయుల నాడు పెద్ద రేవు. అక్కడ గుడిలో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది, అభయ శాసనం అంటారు. అందులో రాజు ఏమంటాడంటే, పూర్వం రాజులు, తుఫానుకి విరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేం అట్లా చెయ్యం, సముద్రం దాటే సాహసం చేసినవాళ్ళ దగ్గర కట్టాల్సిన సుంకం తప్ప ఇంకేం తీసుకోం అని. సుంకం ముప్పైలో ఒక వంతు. బడిలో దీన్ని గణపతిదేవుడి గొప్పతనం కింద చెప్తారు. గొప్పే. కానీ మాట ఇవ్వాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో చూడండి. తుఫానులో ఓడ పగిలి, మనుషులు పోయి, ప్రాణం మిగిలినోడు ఇసుకలో పాక్కుంటా మన ఒడ్డుకి వస్తే, వాడి సరుకు మనోళ్ళు మోసుకుపోయేవాళ్ళు, అదే రివాజు. ఏ ఏలియన్లూ రాలేదు ఆ పనికి. మా తాతల తాతలే.

ఆ శాసనం నా నవల్లోకి దాదాపు అట్లాగే వచ్చేసింది. పదకొండో చాప్టర్లో మనుషులు గేటు మూతి మీద రాయిస్తారు, దారి తప్పి విరిగిపోయిన ఓడల సరుకు ముట్టుకోం, ముప్పైలో ఒక వంతు తప్ప తీసుకోం అని. చిన్నోళ్ళు దాన్ని చదివి ఏడుస్తారు. సుంకం తగ్గినందుకు కాదు. తమకంటే ముందు దాటబోయినోళ్ళకి ఏమయ్యిందో అది చదివాకే తెలిసింది వాళ్ళకి.

ఇదిరా తమ్ముడూ, విలన్ ఏడి అన్నావు గదా. క్యూలో ముందున్నోడే. రేపు నీ వెనక నిలబడినోడికి నువ్వే.

ఇంక చివరి చాప్టర్ ఒక్కటే ఉంది, అదే తెగడం లేదు. చిన్నోళ్ళు గేటు అక్కర్లేని దారి ఒకటి కనిపెడతారు, ఎట్లా అన్నది నేను సరిగ్గా చెప్పను, ఇంకో అబద్ధం ఆడితే పాఠకులు తంతారు. గేట్లన్నీ ఒక్కసారిగా పాతబడిపోతాయి. కావలి వాళ్ళూ మనుషులూ రేవులో ఖాళీగా కూర్చుంటారు. తమ్ముడు గేట్లన్నీ పేల్చేయమంటున్నాడు, ముగింపు బ్రహ్మాండంగా ఉంటదంట.

మా అమ్మ ఏడో తరగతిలో ఉండగా కాలువ మీద వంతెన పడింది. మొదటి రోజు ఊరు ఊరంతా అటూ ఇటూ ఊరికే నడిచారంట, పని లేకపోయినా. పడవని గట్టు మీదకి లాగి తాటిచెట్ల కింద బోర్లించారు. ఆ ఏడు కళ్ళాలు అయినాక, సంక్రాంతికి ముందు, పొద్దున్నే పడవాయన గోతాం భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడంట. ఏం అడగలా. అరుగు మీద తాత పేపర్ చదువుతా ఉన్నాడు, ఆయనా ఏం అనలా. మా అమ్మ లోపలికి పరిగెత్తి అడిగిందంట, వంతెన ఉంది గదమ్మా ఇంక ఈయనకి ఎందుకు ఇవ్వాలి అని. అమ్మమ్మ కుంచం తీసుకుని గాదె దగ్గరికి పోతా, నువ్వు పోయి ఆయనకి చెంబుతో మంచినీళ్ళు ఇయ్యి అందంట. కొలిచి, గోతాంలో పోసి, ఆ పైన ఇంకో దోసెడు వేసింది. తర్వాతి ఏడు కూడా వచ్చాడు. ఆ తర్వాతి ఏడు రాలేదు, గింజలు మాత్రం వారం రోజులు అరుగు మీద మూట కట్టి ఉన్నాయి.

కావలి ముసలాయన ఒకడు చిన్నోళ్ళ వాకిట్లో వచ్చి నిలబడేదాకా రాశా. చిన్నోళ్ళు లోపలి నుంచి చూస్తా ఉండారు.